పారిస్, లండన్ రాచ కళా అకాడమీలు: ఒక పోలిక

పారిస్‌లో 1648లో ఏర్పడిన రాచ చిత్ర, శిల్ప అకాడమీకీ, లండన్‌లో 1768లో మూడవ జార్జి రాజు ఆమోదంతో మొదలైన రాయల్ అకాడమీకీ ఉన్న అసలు తేడా వయసులో కాదు, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందనే దానిలో ఉంది.

వృత్తి సంఘాల పెత్తనం నుంచి బయటపడాలనుకున్న షార్ల్ ల బ్రన్ వంటి చిత్రకారులు పారిస్ సంస్థను స్థాపించారు. అయితే 1660లలో మంత్రి కోల్బేర్ దాన్ని పద్నాలుగవ లూయీ వైభవాన్ని చాటే సాధనంగా మలిచాడు. 1666లో రోమ్‌లో అనుబంధ సంస్థను తెరిచి, ప్రతిభగల విద్యార్థులను రాజు ఖర్చుతో అక్కడికి పంపించాడు. రాచరికంతో ఇంతగా పెనవేసుకున్నందువల్లే విప్లవకాలంలో, 1793లో, ఆ అకాడమీ రద్దయింది. అందుకు గట్టిగా పట్టుబట్టిన జాక్ లూయీ డావీద్ స్వయంగా దాని సభ్యుడే.

జాషువా రెనాల్డ్స్ తొలి అధ్యక్షుడైన లండన్ సంస్థకు మొదట్లో లోటును రాజు తన సొంత నిధి నుంచి పూడ్చినా, 1769 నుంచి ఏటా జరిపే ప్రదర్శన ప్రవేశ రుసుమే దాన్నీ, దాని ఉచిత పాఠశాలనూ నిలబెట్టింది. ఆ ప్రదర్శన నేటికీ సాగుతోంది.

స్త్రీల విషయంలో మాత్రం రెండూ పిసినారులే. పారిస్ 1770లో నలుగురికి మించి స్త్రీలను చేర్చుకోరాదని నియమం పెట్టింది. ఆంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్‌లను వ్యవస్థాపక సభ్యులుగా చేర్చుకున్న లండన్, ఆ తర్వాత మరో స్త్రీని పూర్తి సభ్యురాలిగా ఎన్నుకున్నది 1936లో, లారా నైట్‌ను.