లాప్‌లాండ్ క్రిస్మస్ ట్రిప్: జబ్బు పిల్లలున్న కుటుంబాలు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

యూకేలో ఉన్న మన తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. "సీరియస్ జబ్బుతో ఉన్న పిల్లల కుటుంబాలకు ప్రత్యేక లాప్‌లాండ్ ట్రిప్" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ ప్రకటనలు తిరుగుతున్నాయి. లాప్‌లాండ్ అంటే ఫిన్లాండ్ ఉత్తరాన, క్రిస్మస్ తాత ఊరని పేరున్న మంచు ప్రాంతం. పోయిన డిసెంబర్‌లో మేం వెళ్లి దెబ్బతిన్నాం. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

మా చిన్నోడికి ఏడేళ్లు. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. పెద్ద కీమోలు అయిపోయి మెయింటెనెన్స్ మందుల మీద ఉన్నాడు. రెండు క్రిస్మస్‌లు వార్డులోనే గడిచాయి. అందుకే ఫోన్‌లో కంపెనీ ఆవిడ "క్రిస్మస్ తాతని విడిగా కలిపిస్తాం, వెంట నర్సు ఉంటుంది, ఇన్సూరెన్స్ కూడా మాదే" అని అంత మెత్తగా చెబుతుంటే ఇంకేం అడగబుద్ధి కాలేదు. జాలిగా మాట్లాడేవాళ్లని ఎదురు ప్రశ్న వేయాలంటే మొహమాటం కదా! నలుగురికి మూడు రాత్రులు, 3,900 పౌండ్లు. కార్డయితే ఫీజు పడుతుంది, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేయమంది. చేశాను.

అక్కడే మునిగాం. 2018 నుంచి ఇక్కడ మామూలు కస్టమర్ల కార్డుకి అదనపు ఫీజు వేయడమే చట్టవిరుద్ధం. పైగా 100 పౌండ్లకి పైన, 30,000 లోపు ఉన్నదాన్ని క్రెడిట్ కార్డుతో కొంటే వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద డబ్బు వాపసు కోసం కార్డు కంపెనీని కూడా పట్టుకోవచ్చు. ట్రాన్స్‌ఫర్‌కి ఆ దారి లేదు. విమానంతో కలిపి అమ్మే ప్యాకేజీకి డబ్బు కట్టగానే అటోల్ సర్టిఫికెట్ (కంపెనీ మూతపడినా మన డబ్బుకి రక్షణ ఉందనే కాగితం) ఇవ్వాలి. మాకు వచ్చింది ఉత్త ఇన్‌వాయిస్.

వీసా సంగతీ అంతే. "యూకే వీసా ఉందిగా, చాలు" అన్నారు. చాలదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే ఫిన్లాండ్‌కి షెంగెన్ వీసా (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) కావాల్సిందే. చివరి నిమిషంలో అపాయింట్‌మెంట్ కోసం పడ్డ టెన్షన్ దేవుడికే తెలుసు.

లాప్‌లాండ్‌లోని రొవానియెమి ఊళ్లో దిగాక అసలు బాగోతం. డిసెంబర్‌లో అక్కడ పగలంటే రెండు మూడు గంటలే. మైనస్ ఇరవై రెండు. ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, ఆర్కిటిక్ సర్కిల్ మీద ఉంటుంది శాంటాక్లాజ్ విలేజ్. ఆ విలేజ్‌లోకి టికెట్ లేదు, తాతని చూడటమూ ఉచితమే, ఫోటో కొనుక్కుంటేనే డబ్బు. మా దగ్గర మాత్రం "ప్రైవేట్ మీటింగ్" అని మనిషికి అరవై పౌండ్లు విడిగా తీసుకుని అందరితో పాటు మామూలు లైన్లో నిలబెట్టారు. గంటన్నర. మా ముందున్న పాపకి ముక్కులోంచి పాల ట్యూబు ఉంది. చలికి ట్యూబులో పాలు గడ్డకడుతుంటే వాళ్లమ్మ గ్లౌజు తీసేసి, ట్యూబుని అరచేతిలో పట్టుకుని నోటితో ఆవిరి ఊదుతూ నిలబడింది. నర్సు ఏదని అడిగితే ఫస్ట్ ఎయిడ్ డబ్బాతో ఒక కుర్రాడిని చూపించారు. వాలంటీరట. అతని బస కూడా మా హోటల్లో కాదు.

రెండో రాత్రి పదకొండింటికి మావాడి ఒళ్లు కాలింది. థర్మామీటర్‌లో 37.9. పావుగంట ఆగి చూస్తే 38.3. పోర్ట్ (మందులెక్కించడానికి చర్మం కింద పెట్టే పరికరం) ఉన్న పిల్లలకి 38 వచ్చిందంటే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి, రక్తకణాల కౌంట్స్ చూసి యాంటీబయాటిక్ ఎక్కించాలి. అది మా వార్డు గోడమీద రాసి ఉండే రూలు. ట్రిప్ వాళ్ల ఎమర్జెన్సీ నంబర్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. టాక్సీలో మేమే తీసుకెళ్లాం. ఆసుపత్రి వాళ్లు బంగారంలా చూశారు. నాలుగు రోజులు ఉంచారు, విమానం పోయింది.

తిరిగొచ్చాక ఇన్సూరెన్స్ కాగితం మొదటిసారి పూర్తిగా చదివాను. ముందునుంచీ ఉన్న జబ్బులు వర్తించవట! జబ్బు పిల్లల ట్రిప్‌కి కట్టిన పాలసీ అది. వీసాకి ముప్ఫై వేల యూరోల వైద్య కవర్ చూపిస్తే సరిపోతుంది, ఆ కాగితం మా దగ్గరా ఉంది. కానీ వీసా ఆఫీసుకి పనికొచ్చే పాలసీ వేరు, పిల్లాడికి పనికొచ్చేది వేరు. యూరప్‌లో ప్రభుత్వ వైద్యం కోసం యూకే ఇచ్చే జీహెచ్‌ఐసీ కార్డు ఉండబట్టి ఆసుపత్రి ఖర్చులో చాలావరకు తప్పింది. కొత్త టికెట్లు, హోటల్ ఆ కార్డు ఇవ్వదు. 2,100 పౌండ్లు మా జేబులోంచే పోయాయి.

వెళ్లాలనే ఉంటే ఇన్సూరెన్స్ మీరే తీసుకోండి. జబ్బు పేరు, మందుల పేర్లు, ఆఖరి అడ్మిషన్ తేదీ అన్నీ చెప్పి, ఒప్పుకున్నట్టు రాతలో తెప్పించుకోండి. ఇలాంటి జబ్బులకి కవర్ ఇచ్చే కంపెనీల జాబితా మనీహెల్పర్ అనే ప్రభుత్వ సలహా సైట్‌లో ఉంది. నర్సు ఉంటుందంటే పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. చారిటీ అని చెప్పుకుంటే చారిటీ కమిషన్ రిజిస్టర్‌లో నంబర్ వెతకండి. జబ్బు పిల్లల కోరికలు తీర్చే మేక్-ఎ-విష్ లాంటి చారిటీలు దానికి కుటుంబం దగ్గర పైసా తీసుకోరు. మాకు మా వార్డు నర్సే ఆ మాట చెప్పింది, వచ్చాక.

స్మాల్ క్లెయిమ్స్‌లో, అంటే చిన్న మొత్తాల కోర్టులో, కేసు వేశాం. మాతో వచ్చిన కుటుంబాలు ఎవరైనా ఇది చూస్తే పాత ప్రకటన స్క్రీన్‌షాట్లు పారేయకండి, నాకు పంపండి. ఈ ఏడాది ప్రకటనలో "నర్సు" అన్న మాట తీసేశారు. కొత్త ఫోటో పెట్టారు. అందులో క్రిస్మస్ తాత పక్కన నీలం టోపీలో ఉన్నది మావాడే. మమ్మల్ని అడగలేదు. తీసేయమని రెండు మెయిళ్లు పెట్టాను, ఇంకా అలాగే ఉంది.