స్టెప్నీతో కలిపి ఐదు చక్రాల రొటేషన్: పాత మద్రాసు రోడ్డు టైర్ల దుకాణం

టైర్ రొటేషన్‌కు (చక్రాల స్థానాలు మార్చడానికి) కారు తీసుకువెళ్ళి, డిక్కీలో ఉన్న స్టెప్నీని కూడా కలపమని అడిగితే బెంగళూరులో చాలా చోట్ల వచ్చే జవాబు ఒకటే: "ఎందుకు సార్, నాలుగు చాలు." ఎందుకు చాలో అడిగితే మాత్రం చెప్పేవారు తక్కువ. కె.ఆర్. పురం దాటి హొసకోట వైపు వెళ్తుంటే పాత మద్రాసు రోడ్డు పక్కన కనిపించే ఈ టైర్ల దుకాణంలో నాకు వెంటనే అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ముందు డిక్కీ తెరవమన్నారు, స్టెప్నీని బయటికి తీశారు, గేజుతో టైరు గాడుల లోతు కొలిచారు, ఆ తర్వాతే మాట్లాడారు. ఈ సమీక్ష రాయాలనిపించింది ఆ పద్ధతి చూసే.

దుకాణం నడిపే పెద్దాయన ముళబాగిలు ప్రాంతం వారు. నేను తెలుగులో అడగగానే ఆయనా తెలుగులోకి మారారు. "ఊరికే కలపకూడదు సార్. అయిదూ ఒకటే సైజా, ఒకటే కంపెనీయా, ఎప్పటివి, ఎంత మిగిలినాయి, ఇవి చూసినాక చెప్తా" అన్నారు. సర్వీసు కోసం నేను సాధారణంగా వెళ్ళే ఒక పెద్ద వర్క్‌షాపులో ఇదే ప్రశ్నకు "మా ప్యాకేజీలో లేదు" అని మాత్రమే చెప్పి పంపారు కనుక, ఈ నాలుగు మాటలకు నేను ఇచ్చే విలువ ఎక్కువే.

నాది ముందు చక్రాలతో నడిచే హ్యాచ్‌బ్యాక్. ఐదు టైర్లూ 185/65 ఆర్ 15 కొలతవే, ఐదు రిమ్ములూ ఒకే రకం ఇనుప రిమ్ములే. ఇలాంటి కారులో ఇంజన్ శక్తిని నేలకు దించడం, స్టీరింగ్ తిప్పినప్పుడు బండిని మళ్ళించడం, బ్రేకు నొక్కినప్పుడు ముందుకు వాలే బరువును మోయడం అనే మూడు పనులూ ముందు టైర్ల మీదే పడతాయి కాబట్టి అవి వెనక టైర్ల కంటే త్వరగా అరుగుతాయి. అడుగడుగునా సిగ్నళ్ళు, హంపులు, యూ టర్నులు ఉండే ఈ నగరంలో ఆ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సాధారణంగా 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి చక్రాల స్థానాలు మార్చమనడానికి కారణం ఇదే. నా కారు 10,000 దగ్గర ఉన్నప్పుడు, అంటే మొదటి రొటేషన్‌కే, ఇక్కడికి తీసుకువెళ్ళాను.

కొలిచిన తీరు చెప్పుకోదగినది. ఒక్కో టైరు మీద లోపలి అంచు, మధ్య భాగం, బయటి అంచు అని మూడు చోట్ల గాడిలో గేజు దించి, వచ్చిన అంకెను సుద్దముక్కతో ఆ టైరు మీదే రాశారు. ఎడమ ముందు 6.5 మిల్లీమీటర్లు, కుడి ముందు 6.7, వెనక రెండూ 7.2, స్టెప్నీ 7.8. మూడు చోట్లా ఎందుకని అడిగితే పెద్దాయన వివరంగా చెప్పారు. మధ్యలో ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ పెడుతున్నట్టు, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువగా ఉన్నట్టు, ఒక అంచు మాత్రమే అరిగితే చక్రాలు నిలిచే కోణాల అమరిక, అంటే అలైన్‌మెంట్ తప్పినట్టు. అలైన్‌మెంట్ తప్పిన బండికి చక్రాలు మార్చి పంపిస్తే దోషం అలాగే ఉండి, కొత్తగా ఆ స్థానంలోకి వచ్చిన టైరు కూడా అదే విధంగా పాడవుతుంది. కొలవకుండానే నాలుగు నట్లు విప్పి బిగించి పంపే చోట్ల ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు. స్టెప్నీలో గాలి చూస్తే 22 పీఎస్ఐ మాత్రమే ఉంది, ఉండవలసింది 33. కొత్త కారు అయినా, ఒక్కసారి కూడా వాడకపోయినా, టైరులో గాలి నెలనెలా కొంత తగ్గుతూనే ఉంటుంది. రాత్రివేళ బాగేపల్లి దాటాక పంక్చర్ పడి, తీసి బిగించిన స్టెప్నీలోనూ గాలి లేదని తెలిస్తే కలిగే ఇబ్బంది అనంతపురం, కర్నూలు వైపు తరచూ వెళ్ళివచ్చే మనవాళ్ళకు వివరించనక్కరలేదు. స్టెప్నీని రొటేషన్‌లో కలిపితే కనీసం ఆ వంకతోనైనా అది క్రమం తప్పకుండా వెలుగు చూస్తుంది.

తర్వాత ఆయన వేసిన వరుస ఇది. స్టెప్నీ కుడి వెనక్కి, కుడి వెనకది ఎడమ ముందుకు, ఎడమ ముందుది నేరుగా ఎడమ వెనక్కి, ఎడమ వెనకది కుడి ముందుకు, కుడి ముందుది డిక్కీలోకి. కాగితం మీద గీసుకుని చూస్తే దీని అందం తెలుస్తుంది: ఇదే వరుసను ప్రతిసారీ పాటిస్తే, ఐదు రొటేషన్లు పూర్తయ్యేసరికి ప్రతి టైరూ నాలుగు మూలల్లోనూ డిక్కీలోనూ ఒక్కొక్క విడత గడిపి, మొదలుపెట్టిన చోటికే తిరిగి వస్తుంది. మధ్యలో వరుస తప్పితే ఈ లెక్క చెడుతుంది కనుక ఏ టైరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళిందో, అప్పుడు దాని లోతు ఎంతో, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో ఒక అట్టముక్క మీద రాసి ఇచ్చారు. ఈ అట్టముక్క బిల్లు కంటే ముఖ్యమని నా అభిప్రాయం. దాన్ని కారు పుస్తకంలోనే పెట్టుకున్నాను.

ఒక అనుమానం నాకు అక్కడే వచ్చింది. వెనక ఒక వైపు 7.8, మరొక వైపు 6.5 ఉంటే ఒకే ఇరుసు మీద తేడా రాదా? వస్తుంది, అయితే ఎంత అన్నదే ప్రశ్న. లోతులో 1.3 మిల్లీమీటర్ల తేడా అంటే వ్యాసంలో 2.6 మిల్లీమీటర్లు, ఈ కొలత టైరు మొత్తం వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు కాబట్టి తేడా అర శాతం కూడా లేదు. అదే 40,000 కిలోమీటర్లు తిరిగి 3 మిల్లీమీటర్లకు వచ్చిన టైర్ల పక్కన కొత్త స్టెప్నీని తెచ్చి పెడితే తేడా ఒకటిన్నర శాతం దాటుతుంది. రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగవలసి వస్తుంది, వానలో బ్రేకు వేసినప్పుడు రెండు వైపులా పట్టు ఒకేలా ఉండదు, నాలుగు చక్రాలతో నడిచే బండిలో అయితే డిఫరెన్షియల్ (చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) మీద ఎడతెగని ఒత్తిడి పడుతుంది. అందుకే స్టెప్నీని కలపదలచుకుంటే మొదటి రొటేషన్‌లోనే కలపాలి, లేదా టైర్లన్నీ మార్చే దాకా ఆగాలి. ఇప్పటికే సగం అరిగిన కారు ఉన్నవారు దీన్ని చదివి వెంటనే స్టెప్నీ దించవద్దని నా విన్నపం.

లాభం గురించి కూడా ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఐదు చక్రాలు తిప్పితే టైర్లు ఇరవై అయిదు శాతం ఎక్కువ కాలం వస్తాయన్న మాట తరచూ వినిపిస్తుంది. నాలుగే తిప్పితే 40,000 కిలోమీటర్లు వచ్చే టైర్లు ఐదూ తిప్పితే 50,000 వస్తాయన్నది లెక్క ప్రకారం నిజమే, కానీ అప్పుడు కొనవలసినవి కూడా నాలుగు కాదు, ఐదు; కాబట్టి కిలోమీటరుకు పడే ఖర్చు మారదు. అసలు లాభం వేరే చోట ఉంది. టైరు వాడకపోయినా రబ్బరు ముదురుతుంది. అయిదేళ్ళు దాటిన టైర్లను ఏటా పరీక్ష చేయించమనీ, పదేళ్ళు నిండితే పైకి బాగున్నా తీసేయమనీ ప్రముఖ తయారీ సంస్థలు చెబుతున్నాయి. నాలుగు చక్రాలే తిప్పే ఇంట్లో స్టెప్నీ నేల మొహం చూడకుండానే ముసలిదై పోతుంది. దానికి కారుతో పాటే మనం చెల్లించిన డబ్బు అలా వృథా అవుతుంది. టైరు పక్క గోడ మీద డీఓటీ అన్న అక్షరాల వరుస చివర ఉండే నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి: 2924 అంటే 2024లో 29వ వారం. నా స్టెప్నీ మీద 2724 ఉంది, మిగతావాటి మీద 2924 ఉంది. అయిదూ ఒకే ఈడువి కాబట్టి కలపవచ్చన్నారు.

బెంగళూరుకు సంబంధించిన లాభం మరొకటి ఉంది, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్దది. వానాకాలంలో నీళ్ళ కింద దాగిన గుంతలో పడి, లేదా కాంక్రీటు అంచుకు గీసుకుని పక్క గోడ తెగితే ఆ టైరుకు పంక్చర్ వేయడం కుదరదు, మార్చవలసిందే. నాలుగే తిప్పినవారి దగ్గర అప్పటికి సగం అరిగిన మూడు టైర్లు, ఏమాత్రం అరగని ఒక స్టెప్నీ ఉంటాయి. జత కుదరక రెండు కొత్త టైర్లు కొనవలసి వస్తుంది. ఐదూ తిప్పినవారికి డిక్కీలో సరిజోడు సిద్ధంగా ఉంటుంది, దాన్ని బిగించుకుని నిశ్చింతగా తిరగవచ్చు, స్టెప్నీగా ఒక్క టైరు కొంటే సరిపోతుంది.

నా పని జరుగుతుండగా తిరుపతి ప్రయాణం పెట్టుకున్న ఒక కుటుంబం పెద్ద బండితో వచ్చింది. నన్ను చూసి వారూ స్టెప్నీ కలపమన్నారు. పెద్దాయన వారిని వంగి చూడమని పక్క గోడ మీద వేలు పెట్టి చూపించారు: బండి కింద ఉన్నవి అల్లాయ్ చక్రాల మీద 215/60 ఆర్ 17, డిక్కీలో ఉన్నది ఇనుప రిమ్ము మీద 205/65 ఆర్ 16. "ఇది ఇంటికి చేరడానికే అమ్మా, తిరగడానికి కాదు" అని చెప్పి, నాలుగింటినే మార్చి, స్టెప్నీలో గాలి మాత్రం సరిచేసి పంపారు. ఐదుకు డబ్బు తీసుకునే అవకాశం ఉండీ వద్దని చెప్పడం నాకు గౌరవం కలిగించింది. చాలా కార్ల పై రకాల్లో ఇప్పుడు ఇలా చిన్న స్టెప్నీయే వస్తోంది. గంటకు 80 కిలోమీటర్లు దాటవద్దని రాసి ఉండే సన్నని తాత్కాలిక చక్రానికీ రొటేషన్‌లో చోటు లేదు. తిరగవలసిన దిశను బాణం గుర్తుతో చూపే టైర్లను రిమ్ము నుంచి ఊడదీయకుండా ఒక వైపు నుంచి మరొక వైపుకు మార్చకూడదు. టైర్లలో గాలిని సూచించే వ్యవస్థ, ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేరు కిట్ ఉంటే 3.5 టన్నుల లోపు కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020 జూలైలో కేంద్రం నిబంధన సవరించింది కనుక, కొన్ని కొత్త బండ్లలో ఈ ప్రశ్నే తలెత్తదు.

లోపాలు ఉన్నాయి. ఇక్కడి కుర్రవాళ్ళు నట్లను గాలి గన్నుతోనే చివరిదాకా బిగిస్తారు. నా కారు పుస్తకం 11 నుంచి 13 కేజీఎఫ్-మీటర్ల బిగువు చెబుతుంది; గన్ను ఆ హద్దు పాటించదు, అతిగా బిగిస్తే నట్టు ఎక్కే స్టడ్డు దెబ్బతింటుంది, రోడ్డు మీద చేతి పాన్నాతో ఆ నట్టు ఊడిరాదు. టార్క్ రెంచ్ (నట్టును చెప్పిన బిగువుకే బిగించే పాన్నా) లేదా అని అడిగితే లోపలి అల్మారాలోంచి తెచ్చారు, నట్లు వదులు చేసి ఎదురెదురుగా ఉన్నవాటిని వరుసగా మళ్ళీ బిగించారు. సాధనం ఉండి అడిగితేనే తీయడం సరికాదు. ఇంత శ్రద్ధగా కొలిచేవారు బిగింపులోనూ అదే శ్రద్ధ చూపాలని పెద్దాయనతోనే చెప్పాను. గాలిని సూచించే సెన్సర్లు ఉన్న బండ్లకు చక్రాలు మార్చాక సిస్టమ్‌ను తిరిగి సెట్ చేసే పరికరం ఇక్కడ లేదు, ఆ పని కంపెనీ సర్వీసులోనే చేయించుకోవాలి. కూర్చోవడానికి నీడలో రెండు కుర్చీలు తప్ప ఏమీ లేదు, శనివారం చాలాసేపు ఎదురుచూడవలసి వస్తుంది.

చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా చేసే బ్యాలెన్సింగ్‌లో మాత్రం వంక పెట్టడానికి లేదు. స్టెప్నీతో సహా ఐదింటినీ యంత్రం మీద తిప్పి, పాత వెయిట్లు తీసి కొత్తవి కొట్టి, తెర మీద రెండు వైపులా సున్నా వచ్చేదాకా నన్ను పక్కనే నిలబడి చూడనిచ్చారు. అలైన్‌మెంట్ చివర్లో చేశారు. నైట్రోజన్ కావాలా అని ఒకసారి అడిగారు. వద్దంటే మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది, నెలకోసారి గాలి చూసుకునేవారికి అది అవసరం లేదని నా అభిప్రాయం.

ఐదు చక్రాల రొటేషన్, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అన్నీ కలిపి 1,500 రూపాయల లోపే అయింది, కార్డు తీసుకుంటారు, బిల్లు ఇస్తారు. వంద కిలోమీటర్లు తిరిగాక నట్ల బిగువు చూపించుకోమని వారే చెప్పారు, వెళ్తే డబ్బు తీసుకోకుండా చూసి పంపారు. వెళ్ళేవారు డిక్కీ ముందే ఖాళీ చేసుకుని, టైర్ల గాలి, నట్ల బిగువు రాసి ఉన్న పుస్తకం వెంట తీసుకుని, వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే పని త్వరగా అవుతుంది. టార్క్ రెంచ్ సంగతి మాత్రం బండి జాకీ మీదికి ఎక్కక ముందే చెప్పాలి.