పొద్దున ఎర్రమట్టి దిబ్బలు, సాయంత్రం భీమిలి

దసరా దాటి వానలు తెరిపిచ్చాక విశాఖ తీరంలో పిట్టలనూ పూలనూ చూడాలనుకుంటే రుషికొండలో దిగకుండా నేరుగా భీమిలి వెళ్లండి. రుషికొండ శుభ్రమైన బీచే, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆ జనంలో పిట్ట నిలవదు.

పిట్టల కోసం తెల్లారకముందే లేవాలంటారు. ఈ తీరంలో ఆ లెక్క పనిచేయదు. పొద్దున ఎండ సముద్రం మీద నుంచి సూటిగా కళ్లలో పడుతుంది, నీటి అంచున ఉన్న పిట్ట ఏదో పోల్చుకోలేం. సాయంత్రమైతే సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు, ఈకల రంగు స్పష్టంగా తెలుస్తుంది. పూల సంగతి దీనికి తలకిందులు. ఇసుక మీద పాకే ఊదాపూల తీగ ఒకటుంది, ఆకు మేక గిట్టలా రెండుగా చీలి ఉంటుంది. దాని పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది.

అందుకే పొద్దున్నే భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లాం. తంగేడు విరగబూసి ఉంది. పొదల్లో అడవి నాభి కనిపించింది. రేకులు వెనక్కి మడిచి, అంచున ఎరుపు, మొదలు దగ్గర పసుపు. దగ్గరికెళ్లి చూస్తే ఆకు కొనే తీగలా మెలి తిరిగి పక్క కొమ్మను పట్టుకుని ఉంది. మొక్కంతా విషమే, దుంప మరీను. పిల్లలుంటే ముట్టుకోనివ్వకండి. దిబ్బల దగ్గర తిరుగు ఆటో దొరకడం కష్టం, తెచ్చిన ఆటోనే ఆగమని ముందే మాట్లాడుకోవాలి.

మధ్యాహ్నం భీమిలిలో వంజరం వేపుడుతో భోజనం. వేడిగా, తాజాగా ఉంది. బస ఒక చిన్న లాడ్జిలో. గది శుభ్రం, వేడినీళ్లు మాత్రం అడిగితేగానీ రావు. రుషికొండ వైపు ఇంతకంటే మంచి గదులున్నాయి. అయినా నా ఓటు ఈ లాడ్జికే, ఎందుకంటే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి ఇక్కడి నుంచి నడిచి వెళ్లొచ్చు.

అసలు చూడాల్సింది ఆ నదీముఖమే. ఆటుకు బయటపడ్డ బురదలో ఉల్లంకులు, ప్లోవర్లు అనే ఒడ్డు పిట్టలు మేస్తున్నాయి. వీటిలో చాలావరకు ఉత్తరాసియాలో గుడ్లు పెట్టి చలికాలానికి ఇక్కడికి చేరేవే. మేత తీరు చూసి కూడా వీటిని పోల్చుకోవచ్చు. ప్లోవర్ కంటిని నమ్ముకుంటుంది: నాలుగడుగులు పరుగు, టక్కున ఆగడం, తల వంచి ముక్కుతో ఒక్క పొడుపు. ఉల్లంకి ఆగదు, ముక్కు బురదలో గుచ్చుతూ తడిమి వెతుకుతూ పోతుంది. ఇది గమనించాక పక్షుల పుస్తకం తెరవాలనిపించలేదు, గంటసేపు వాటినే చూస్తూ ఉండిపోయాను. పోటు మొదలయ్యాక నీటితో పాటు అవీ ఒడ్డువైపు జరుగుతాయి, మనం కదలకుండా కూర్చుంటే చాలు. ఫొటో కోసం వెంటపడి లేపకండి. వేల మైళ్లు ఎగిరొచ్చిన పిట్టకు ఆ మేత సమయం ఎంతో విలువైంది.

బైనాక్యులర్స్ 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేవి, ముందు అద్దం 42 మి.మీ.) సరిపోతాయి. బయల్దేరే ముందు ఆటుపోట్ల వేళలు ఫోన్లో చూసుకోండి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం కాబట్టి వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. వాన తడికి దిబ్బల అంచులు విరిగిపడతాయి.