బాధలో ఉన్న పిల్లలకు ఏది మేలు: తన కథా, దూరపు కథా?

పిల్లలకు మంచి పుస్తకం ఒకటి చెప్పమని అడిగేవారిని కాసేపు మాట్లాడనిస్తే, ఇంట్లో జరిగినదేదో మెల్లగా బయటికి వస్తుంది. పెద్దవాళ్ళెవరో పోయారనో, బడి మారవలసి వచ్చిందనో, తల్లిదండ్రులు విడిపోయారనో, క్లాసులో ఎవరూ తనతో ఆడటం లేదని పాప ఏడుస్తోందనో చెబుతారు. ఆ తరువాత అడిగే ప్రశ్న దాదాపు ప్రతిసారీ ఒకటే: ఆ బిడ్డకు వచ్చిన కష్టమే ఉన్న కథ ఇవ్వడం మేలా, దానితో సంబంధం లేనట్లు కనిపించే దూరపు కథ ఇవ్వడం మేలా? ఈ ప్రశ్నకు నేను చాలాకాలం మొదటిదే మేలని జవాబు చెబుతూ వచ్చాను. మా నాన్నగారు పోయిన తరువాత, మా అక్క కొడుకు కోసం నేనే పుస్తకం ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఆ జవాబు మార్చుకున్నాను.

తన కథకు ఉన్న బలం తక్కువది కాదు. అమెరికన్ విద్యావేత్త రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో పిల్లల పుస్తకాలను అద్దాలతోనూ కిటికీలతోనూ పోల్చారు. కొన్ని పుస్తకాలలో బిడ్డ తనను తాను చూసుకుంటాడు, కొన్నింటిలోంచి ఇతరుల లోకాన్ని చూస్తాడు. ఏ పుస్తకంలోనూ తన ముఖం కనిపించని బిడ్డ, తనకు విలువ లేదన్న పాఠాన్ని ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటాడని ఆమె వాదన. నత్తితో మాట్లాడే పిల్లవాడికి, వీల్‌చైర్‌లో కూర్చునే పాపకు, దత్తత వచ్చిన బిడ్డకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. వాళ్ళను బాధించేది తమ స్థితికంటే, లోకంలో తామొక్కరమే ఇలా ఉన్నామన్న భావన. నత్తి ఉన్న పిల్లవాడే కథానాయకుడై, నత్తితోనే స్నేహితులను సంపాదించుకునే కథ ఆ ఒంటరితనాన్ని తీసివేసినట్లు మరే పుస్తకమూ తీసివేయలేదు. బాధకు మూలం సిగ్గు అయినప్పుడు అద్దమే ఇవ్వాలని ఇప్పటికీ అంటాను.

దుఃఖం, భయం వేరు. మా వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. తాతయ్య చనిపోయిన పిల్లవాడి గురించిన బొమ్మల పుస్తకం ఒకటి వెతికి తెచ్చి, పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాను. నాలుగో పేజీలో ఖాళీ కుర్చీ బొమ్మ ఉంది. వాడు ఆ బొమ్మ మీద అరచేయి పెట్టి కప్పేశాడు, ఆ తరువాత పుస్తకం మూసి, "ఇది నాకు తెలుసు పిన్నీ" అని లేచి వెళ్ళిపోయాడు. పుస్తకంలో తప్పేమీ లేదు. అది నిజాయితీగా, మృదువుగా రాసిన పుస్తకమే. కానీ వాడు ఇంకా తనంతట తాను తాకని గాయాన్ని నేను వేలుపెట్టి చూపించాను. అటువంటి పుస్తకం ఎదుటపెట్టినప్పుడు బిడ్డకు మిగిలేవి రెండే దారులు: ఏడవడమో, పారిపోవడమో.

కొన్ని వారాల తరువాత, ఓదార్పు సంగతి తలపెట్టకుండా, రాత్రిళ్ళు ఇ.బి. వైట్ రాసిన 'షార్లెట్స్ వెబ్' చదివాను. 1952 నాటి ఆ పుస్తకంలో ఒక పందిపిల్లను చావునుంచి తప్పించడానికి షార్లెట్ అనే సాలీడు తన గూటిలో మాటలు అల్లుతుంది. పందిపిల్ల బతుకుతుంది, సాలీడు చివరికి సంతమైదానంలో ఒంటరిగా చనిపోతుంది. ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులో చెప్పుకుంటూ పోతున్న నేను ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి దాటవేద్దామా అని ఒక్క క్షణం ఆగాను, దాటవేయకుండా చదివాను. వాడు గోడవైపు తిరిగి పడుకునే అడిగాడు: "అప్పుడు షార్లెట్ దగ్గర ఎవరూ లేరా?" లేరన్నాను. చాలాసేపటికి, "తాతయ్య దగ్గర ఎవరున్నారు?" అన్నాడు. మా నాన్నగారు ఆస్పత్రిలో తెల్లవారుజామున పోయారు. ఆ సమయానికి మంచం పక్కన ఉన్నది నర్సు ఒక్కరే. ఆ మాట చెప్పాను. అంతవరకు ఇంట్లో ఎవరమూ వాడికి చెప్పని సంగతి అది, వాడు అన్ని వారాలు మోసిన ప్రశ్న కూడా అదే.

నా దృష్టిలో ఈ రెండింటి మధ్య తీర్పు చెప్పేది ఇక్కడే ఉంది: బాధ దగ్గరికి వెళ్ళే అడుగు ఎవరు వేస్తున్నారు? దూరపు కథలో ఆ అడుగు బిడ్డ చేతిలోనే ఉంటుంది. సాలీడు చనిపోతే సాలీడు కోసం ఏడవవచ్చు, అక్కడే ఆగిపోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. సిద్ధంగా ఉన్నరోజున సాలీడు మీదుగా తాతయ్య దగ్గరికి నడిచి వెళ్ళవచ్చు. తన కథ ఇచ్చినప్పుడు ఆ అడుగు పెద్దవాళ్ళు ముందే వేసేసి ఉంటారు.

అరణ్యపర్వాన్ని ఈ కోణంలో చూస్తే నాకు కొత్తగా కనిపించింది. జూదంలో సర్వం పోగొట్టుకుని అడవిలో ఉన్న ధర్మరాజుకు బృహదశ్వుడు చెప్పినది, జూదంలోనే రాజ్యం పోగొట్టుకుని అడవుల పాలైన నలుడి కథ. అద్దమంటే అంతకంటే నిక్కచ్చి అద్దం ఉండదు. అయితే ఆ కథ ఊరకే మొదలు కాలేదు. నాకంటే అభాగ్యుడైన రాజు ఎక్కడైనా ఉన్నాడా అని ధర్మరాజు తానే అడిగిన తరువాత మొదలైంది. సైంధవుడు ద్రౌపదిని ఎత్తుకుపోయిన ఉదంతం తరువాత మార్కండేయుడు రాముడి కథ చెప్పినప్పుడు కూడా అదే వరుస: ముందు ధర్మరాజు ప్రశ్న, తరువాత ముని కథ. అడిగినవాడికి అద్దం ఔషధం. పైగా ఆ అద్దంలో కనిపించేది మరో కాలపు మరో రాజు, అతని కథ సుఖాంతమని చెప్పేవాడికి ముందే తెలుసు.

కష్టాన్ని నేరుగా తీసుకుని రాసిన గొప్ప పుస్తకాలలోనూ ఈ దూరం లోపల దాగి ఉంటుంది. కాథరీన్ పాటర్సన్ తన కుమారుడి స్నేహితురాలైన ఎనిమిదేళ్ళ పాప పిడుగుపాటుకు చనిపోయిన తరువాత, 1977లో 'బ్రిడ్జ్ టు టెరబిథియా' ప్రచురించారు. నవలలోని అమ్మాయి చనిపోయేది పిడుగుపాటుకు కాదు, వాగు దాటుతూ. ఆ అమ్మాయీ ఆమె స్నేహితుడూ తమకోసం కల్పించుకున్న రాజ్యమొకటి కథంతా వారి చుట్టూ ఉంటుంది. సొంత ఇంటి దుఃఖాన్ని రాసిన తల్లికి కూడా ఆ ఎడం అవసరమైందన్నమాట.

అందువల్ల అయినవాళ్ళను పోగొట్టుకున్న బిడ్డకు, చీకటికో ఆస్పత్రికో భయపడే బిడ్డకు ముందుగా దూరపు కథనే నేను సూచిస్తాను. దూరమంటే కష్టమే లేని కథ అని అర్థం చేసుకోకూడదు. అందరూ నవ్వుతూ తిరిగే కథ దిగులుగా ఉన్న బిడ్డను మరింత ఒంటరిని చేస్తుంది. నష్టం నిజంగా జరిగి, దాని తరువాత కూడా రోజులు నడిచే కథ కావాలి. ఇవ్వబోయేముందు పెద్దవాళ్ళు చివరిదాకా చదివి తీరాలి, ముఖ్యంగా కథలోని పెద్ద పాత్ర ఎవరైనా ఉపన్యాసమిచ్చి బిడ్డ దుఃఖాన్ని తీర్చేస్తున్నాడేమో చూడాలి. చదివిన తరువాత నీకు ఏం అర్థమైందని అడగకుండా పక్కనే కాసేపు ఊరకే కూర్చోవాలి. మా వాడు నోరు విప్పింది ఆ ఊరకే ఉన్న సమయంలోనే. మొదట తెచ్చిన బొమ్మల పుస్తకాన్ని నేను దాచివేయలేదు, వాడి చేతికి అందే అరలోనే ఉంచాను. మూడు నెలల తరువాత వాడే తీసుకుని చదివాడు.

మహానుభావుల జీవితచరిత్రల గురించి కూడా అడుగుతుంటారు. స్ఫూర్తికి అవి మంచివే కాని బాధలో ఉన్న సమయానికి పనికిరావు; వాళ్ళంత కష్టాన్ని వాళ్ళు దాటారు, నువ్వు దాటలేవా అన్న మందలింపు వాటిలో బిడ్డకు వినిపిస్తుంది. అయిదేళ్ళలోపు పిల్లలకు ఈ చర్చే అంతగా వర్తించదు, వాళ్ళకు ఒడి, గొంతు, పదేపదే అదే కథ చాలు.

పదేపదే అడగడం పెద్ద పిల్లలలోనూ ఉంటుంది, దాన్ని విసుక్కోకూడదు. ముగింపు తెలిసిన కథలో బిడ్డ భయం లేకుండా తిరుగుతాడు. మా వాడు ఇప్పుడు సాలీడు పుస్తకాన్ని మొదటినుంచి చదవమనడు. చివరి అధ్యాయం తెరవమంటాడు; వసంతం వస్తుంది, షార్లెట్ పెట్టిన 514 గుడ్లు పొదుగుతాయి, పిల్లలన్నీ గాలికి ఎగిరిపోతాయి, మూడు మాత్రం పందిపిల్ల దగ్గరే ఉండిపోతాయి. ఆ మూడింటి పేర్లు నాకంటే ముందు తానే చెబుతాడు.