బీడీ తగ్గించాలా, మానేయాలా?

దేవరకొండ దగ్గర మా ఊళ్లో పెద్దవయసు ఆడవాళ్లు బీడీ తాగడం కొత్తేం కాదు. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్, పెద్దమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చి నయమయ్యాయి. అమ్మ బీడీ మానేసింది. పెద్దమ్మ కట్ట నుంచి రోజుకు రెండుకు తగ్గించింది.

తగ్గిస్తే చిరాకు తక్కువ, నిద్ర పాడవదు. పొద్దున చాయ్ తాగాక ఒకటి, అన్నం తిన్నాక ఒకటి. "రెండే కదా బిడ్డా, ఏమైతది?" అంటుంది పెద్దమ్మ. నాకు భయమేసేది ఈ మాటకే. రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, ఇరవై తాగితే పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం అలాగే ఉంటుంది. బీడీ అంతకన్నా మేలేమీ కాదు. పైగా ఒకసారి క్యాన్సర్ వచ్చినవాళ్లు పొగ తాగుతూ ఉంటే మరో కొత్త క్యాన్సర్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

మానేస్తే మొదటి రెండుమూడు వారాలు నిజంగా కష్టం. అమ్మ ఊరికే కొంగు ముడి విప్పి చూసుకునేది. బీడీలుండే ఆ ముడిలో సోంపు కట్టి ఇచ్చాను. ఏడాది గడిస్తే పొగవల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు సగానికి తగ్గుతుంది. నెలసరి ఆగాక ఎలాగూ గుల్లబారే ఎముకలకూ మేలే. అరవై దాటాక మానినా లాభమే.

నా ఓటు మానేయడానికే. బీడీ బదులు తంబాకు నమలడం మాత్రం వద్దు, అది నోటి క్యాన్సర్ తెస్తుంది. సాయానికి 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. పెద్దమ్మకు ఆ నంబర్ గోడ మీద బొగ్గుతో రాసిచ్చాను.