కొత్త ఫెన్సింగ్ క్లబ్‌కి ఏ కత్తి మేలు: ఫాయిలా, ఎపేనా, సేబరా?

ఈ ఆర్నెల్లలో నన్ను ఇదే ప్రశ్న అడిగినవాళ్ళు పదిమంది దాకా ఉంటారు. "ఊళ్ళో పిల్లల కోసం ఫెన్సింగ్ క్లబ్ పెడదాం అనుకుంటున్నామండీ, హాలు దొరికింది, వారానికి రెండు పూటలు వచ్చే కోచ్ కూడా ఒప్పుకున్నారు, కానీ ఉన్న డబ్బుల్తో మూడు కత్తులూ కొనలేం, దేంతో మొదలెట్టమంటారు?" అని. ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నా. మూడు కత్తుల తేడా తెలియనివాళ్ళకి ఒక్క ముక్క: ఫాయిల్‌లో మొనతో మొండెం మీద పొడవాలి, ఎపేలో మొనతో ఒంటి మీద ఎక్కడైనా, సేబర్‌లో నడుము పైభాగంలో మొనతో గానీ అంచుతో గానీ. తగిలితే పాయింట్ వచ్చే ఆ భాగాన్నే టార్గెట్ అంటారు. ఏ ఆట గొప్పది అన్నది నా లెక్కలో లేదు. జీతం తీసుకోని తల్లిదండ్రులతో, చందాలతో, శని ఆదివారాలు మాత్రమే ఉండే కోచ్‌తో నడిచే క్లబ్‌కి ఏది సరిపోతుంది అన్నదే లెక్క.

ముందే చెప్పేస్తా, నేను ఎపే వైపు. మేం మాత్రం ఫాయిల్‌తో మొదలెట్టి, రెండేళ్ళు కష్టపడి, తర్వాత మారాం.

మాది గోదావరి పక్కన ఒక టౌన్. కోచ్ శనివారం సాయంత్రం రైలు దిగి, ఆదివారం మధ్యాహ్నం తిరిగి వెళ్ళిపోతారు. పద్దెనిమిది మంది పిల్లలు. మొదట్లో అందరూ ఒకే మాట చెప్పారు, ఫాయిల్ అంటే పునాది, అది వస్తే మిగతా రెండూ వస్తాయి అని. ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనను. ఫాయిల్ నేర్చుకున్న పిల్లకి చెయ్యి ముందు చాపడం, పరీ కొట్టాక (అంటే అవతలి కత్తిని పక్కకి నెట్టాక) వెంటనే రిపోస్ట్ (ఎదురు పోటు) వెయ్యడం, ఇవన్నీ ఒంట్లో ఇంకిపోతాయి. కత్తి తేలిక, 500 గ్రాములు దాటదు, ఎపే 770 దాకా ఉండొచ్చు, తొమ్మిదేళ్ళ పిల్లాడి మణికట్టుకి ఆ తేడా చిన్నది కాదు. అందుకే ఫాయిల్ కొన్నాం.

ఎక్కడ ఇరుక్కున్నామంటే స్కోరింగ్ బాక్స్ మీద రెండు లైట్లూ వెలిగినప్పుడు, అంటే ఇద్దరికీ ఒకేసారి తగిలినప్పుడు. ఫాయిల్‌లో బాక్స్ చెప్పేది తగిలిందా లేదా అనే, పాయింట్ ఎవరిది అన్నది రైట్ ఆఫ్ వే, అంటే దాడి హక్కు ఎవరిదో చూసి మనిషి చెప్పాలి. దాడి ఎవరు మొదలెట్టారు, పరీ నిజంగా తగిలిందా లేక గాల్లో ఊపారా, అవతలివాడు అడుగు ఆపాడా, ఇదంతా ఒక్క సెకను కూడా పట్టని ఆటలో కంటితో పట్టుకోవడం ఏళ్ళ తరబడి చూస్తే తప్ప రాదు. మా పేరెంట్స్‌లో బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, టైలరింగ్ షాపు నడిపే ఒకావిడ, అందరూ మనసు పెట్టి నేర్చుకుందామని చూశారు, వీడియోలు చూశారు, కానీ సొంత పిల్ల ఎదురుగా ఉండి "ఆంటీ, దాడి నాదే కదా" అని నిలదీస్తే ఏం చెప్తారు? చివరికి ప్రతి బౌట్‌కీ (ఇద్దరి మధ్య జరిగే ఒక్కో ఆటకీ) కోచే వచ్చి నిలబడాలి. ఆయన అలా నిలబడితే పర్సనల్ లెసన్ ఉండదు.

ఫెన్సింగ్‌లో కోచ్ విలువంతా ఆ లెసన్‌లోనే ఉంది. గుంపుగా ఫుట్‌వర్క్ చేయించడానికి కాస్త సీనియర్ పిల్లాడు చాలు, కానీ కోచ్ ఎదురుగా నిలబడి కత్తికి కత్తి కలిపి, ఇదిగో ఇప్పుడు గ్యాప్ ఇస్తున్నా లంజ్ వెయ్యి (ముందుకాలు చాచి పొడువు), ఇప్పుడు ఇవ్వను ఆగు, అని పది నిమిషాలు ఒక్కడికే చెప్తే వచ్చే మార్పు నెల రోజుల గుంపు ప్రాక్టీసుకి రాదు. రెండు గంటల సెషన్ అంటే 120 నిమిషాలు, తలా పది చొప్పున పన్నెండు మందికి లెసన్ ఇవ్వొచ్చు. ఫాయిల్ రోజుల్లో మాకు ఇద్దరికి ఇస్తే గొప్ప. రైలు చార్జీలిచ్చి, ఫీజిచ్చి, అంత దూరం నుంచి పిలిపించుకున్న మనిషి చేత రిఫరీ పని చేయిస్తున్నాం. ఆ రెండేళ్ళూ నాకు అదే బాధ.

ఎపేకి మారాక ఆ బాధ పోయింది. ఎపేలో రైట్ ఆఫ్ వే లేదు, ఒళ్ళంతా టార్గెట్, ముందు ఎవరు పొడిస్తే వాళ్ళకి లైటు, ఇద్దరూ సెకనులో ఇరవయ్యైదో వంతు తేడాలోపు పొడిస్తే ఇద్దరికీ చెరో పాయింట్, దాన్నే డబుల్ అంటారు. ఆ ఇరవయ్యైదో వంతు లెక్క బాక్స్ చూసుకుంటుంది, మనిషికి సంబంధం లేదు. ఆరుగురు పిల్లల్తో పూల్ పెడితే (అందరూ అందరితో ఆడితే) 15 బౌట్లు, ఒక్కోటి 5 టచ్‌లు లేదా 3 నిమిషాలు, ఇద్దరు తల్లులు కుర్చీలేసుకుని షీటు పట్టుకుని మొత్తం నడిపించేస్తారు. ఆ టైంలో కోచ్ హాల్లో అవతలి మూల వరుసగా లెసన్లు ఇచ్చుకుంటూ పోతారు. ఇప్పుడు మాకు ఒక సెషన్‌కి తొమ్మిది పది లెసన్లు అవుతున్నాయి. వాలంటీర్లకి కూడా ఏదో వచ్చి కూర్చున్నాం అన్నట్టు కాకుండా క్లబ్ మాది అన్న భావం వచ్చింది, నాకు అది ఇంకా పెద్ద విషయం. చేతనైన పని ఇస్తేనే మనుషులు మళ్ళీ వారం వస్తారు, చేతకాని పని ఇచ్చి నలుగురిలో తప్పు పట్టించుకునేలా చేస్తే ఎంత మంచివాళ్ళైనా మెల్లగా మానేస్తారు.

అయితే ఎపేకి అసలు రిఫరీయే అక్కర్లేదు అనుకోకండి. హాల్ట్ ఎప్పుడు చెప్పాలి, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు దాటిపోతే ఏంటి, వీపు తిప్పితే ఏంటి, వెనక లైను రెండు కాళ్ళతో దాటితే ఏంటి, ఇవన్నీ పేరెంట్స్‌కి నేర్పాలి. మాకు రెండు ఆదివారాలు పట్టింది. ఇంకోటి నేల. మెటల్ పిస్ట్ (కింద పరిచే లోహపు ఆట పట్టీ) లేకపోతే కత్తి మొన నేలకి తగిలినా లైటు వెలుగుతుంది, పాదాల మీదకి పొడవబోయి గచ్చుని పొడిచి "నాదే పాయింట్" అనే పిల్లలు ప్రతి పూటా ఉంటారు. అందుకని బౌట్‌కి అటొకళ్ళు ఇటొకళ్ళు నేలనే చూస్తూ నిలబడతారు, ఆ పని పక్కన ఖాళీగా ఉన్న పిల్లలకే ఇచ్చాం. ఫాయిల్‌లో ఈ గొడవ లేదు, నేలకి తగిలితే తెల్ల లైటే వస్తుంది, దానికి పాయింట్ లేదు.

ఇక డబ్బులు. కత్తి ధరల్లో తేడా కంటే కత్తి చుట్టూ ఉన్న సామానులో తేడా ఎక్కువ. ఎలక్ట్రిక్ ఫాయిల్‌కి లామే (కరెంటు పారే లోహపు దారంతో నేసిన పైతొడుగు) కావాలి, ఇప్పుడు మాస్క్ బిబ్ (గొంతు ముందు వేలాడే గుడ్డ) కింద భాగం కూడా టార్గెట్టే కాబట్టి దానికి తగ్గ మాస్కు, దానికో వైరు. సేబర్‌కి చేతులతో సహా లామే జాకెట్, కరెంటు పారే మాస్క్, గ్లోవ్ మీద కఫ్. ఎపేకి ఇవేమీ అక్కర్లేదు, మామూలు జాకెట్, మామూలు మాస్క్, కత్తి, బాడీ వైరు, అయిపోయింది. మా కోస్తాలో లామే గురించి ఒక మాట చెప్పాలి. చెమటకి ఆ లోహపు దారం పాడైపోతుంది, నల్లగా మచ్చలు వస్తాయి, ఆ మచ్చ మీద పొడిస్తే రంగు లైటు రాదు. ప్రాక్టీసయ్యాక మంచినీళ్ళలో జాడించి నీడలో హ్యాంగర్‌కి ఆరేయాలి, మేం పిల్లలకి చెప్పీ చెప్పీ అలిసిపోయాం, ఒకే లామే రోజుకి నలుగురు వేసుకునే క్లబ్‌లో అది ఎన్నాళ్ళు బతుకుతుంది? మా ఆరు లామేల్లో నాలుగు రెండో వానాకాలం దాటలేదు.

ఎపేలో ఖర్చు వేరే చోట ఉంది, మొనలో. చిన్న స్క్రూలు ఊడిపోతాయి, స్ప్రింగు వదులవుతుంది, బ్లేడు గాడిలో వైరు తెగుతుంది. మొన మీద 750 గ్రాముల బరువు పెట్టి స్ప్రింగు దాన్ని పైకి లేపుతుందా అని చూడాలి, రెండు గేజీలతో మొన సందు చూడాలి. ఇది ఒకళ్ళు నేర్చుకుని తీరాలి. మా దగ్గర మొబైల్ రిపేర్లు చేసే ఒక నాన్నగారు ఈ పని తీసుకున్నారు, ఆయన టేబుల్ చుట్టూ పిల్లలు మూగి వాళ్ళూ నేర్చేసుకున్నారు. సేబర్‌కి ఈ బెడదే లేదు, బ్లేడులో వైరూ ఉండదు, మొనలో స్విచ్చీ ఉండదు, ఆ ఒక్క విషయంలో సేబరే సుఖం.

చందాల దగ్గర కూడా నాకు ఎపేయే కలిసొచ్చింది. ఊళ్ళో వ్యాపారస్తుల ముందు డెమో పెట్టాం. ఫాయిల్ రోజుల్లో పెట్టిన డెమోలో రెండు లైట్లు వెలిగి పాయింట్ ఒకళ్ళకే ఇస్తే, చూసేవాళ్ళు ఎందుకు అని అడగడం, నేను వివరించేలోపు ఇంకో మూడు పాయింట్లు అయిపోవడం, అలా జరిగింది. ఎపే డెమోలో ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకపోయింది, మూడో టచ్‌కే చప్పట్లు మొదలయ్యాయి, అయ్యాక ఒక రైస్ మిల్లు ఆయన మా అమ్మాయి కత్తి పట్టుకుని చూసి "ఆ పెట్టె ఎంతమ్మా" అని స్కోరింగ్ బాక్స్ గురించి అడిగారు. రెండో బాక్స్ అలా వచ్చింది. దీన్నించి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం, కోచ్ ఫీజు, రైలు చార్జీలు పిల్లల నెల ఫీజుల్లోంచే, చందా డబ్బు సామానుకే. కలపకూడదు. చందాతో కోచ్‌ని పెట్టుకుంటే ఆ దాత మానేసిన నెల కోచూ ఉండరు. సామాను అయితే ఒకసారి వస్తే ఉంటుంది, ఇచ్చినవాళ్ళకి కంటికి కనిపిస్తుంది. సామాను క్లబ్‌దే, పిల్లల్ని కొనుక్కోమనం, లేకపోతే కొనగలిగిన ఇళ్ళ పిల్లలే మిగులుతారు.

సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు) గురించి అడుగుతారు కాబట్టి ఒక ముక్క: ఒలింపిక్ క్రీడల శిక్షణకి కంపెనీల చట్టం అనుమతిస్తుంది, కానీ మీకు రిజిస్టరైన సొసైటీ, 12ఏ, 80జీ అని పిలిచే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు, పైన కంపెనీల వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు కూడా ఉండాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోండి, సీఎస్ఆర్ మీద ఆశ పెట్టుకుని మొదలెట్టకండి.

సేబర్ గురించి ఎక్కువ రాయను. భవానీ దేవి టోక్యోలో ఆడినప్పటి నుంచీ పిల్లలు అదే కావాలని వస్తున్నారు, నాకూ ఆవిడంటే ప్రాణం. మన దేశం నుంచి ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి ఫెన్సర్, మొదటి బౌట్ 15-3తో గెలిచింది, 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చింది. చెన్నైలో స్కూల్లో నేర్చుకునేటప్పుడు కత్తులు పోటీలకి దాచుకుని వెదురు కర్రలతో ప్రాక్టీస్ చేశామని ఆవిడే చెప్పింది, అంటే మొదటి రోజే ఎలక్ట్రిక్ సామాను లేదని ఎవరూ కంగారు పడక్కర్లేదు. కానీ సేబర్‌కి రిఫరీ కష్టం ఫాయిల్ కంటే ఎక్కువ, అంతా రెప్పపాటులో అయిపోతుంది, సామానూ ఖరీదు. ఊళ్ళోనే ఉండే సేబర్ కోచ్ దొరికితే తప్ప కొత్త క్లబ్‌కి వద్దంటాను.

ఫాయిల్ ఎవరికి మేలు? పటియాలా ఎన్ఐఎస్‌లో (కోచ్‌లని తయారుచేసే జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా చేసి మీ ఊళ్ళోనే ఉండే కోచ్, దానికి తోడు రాష్ట్ర స్థాయిలో ఆడి వచ్చిన ఇద్దరు ముగ్గురు సీనియర్లు, పిల్లలంతా పదేళ్ళలోపు వాళ్ళు, ఈ మూడూ ఉంటే కళ్ళు మూసుకుని ఫాయిల్‌తో వెళ్ళండి. ఎపేతో మొదలెట్టిన మా పిల్లల్లో ఒక లోపం నాకు కనిపిస్తూనే ఉంది, డబుల్ అయినా ఒక పాయింట్ వస్తుంది కదా అని పరీ కొట్టకుండా ఎదురు పొడిచేస్తారు, స్కోరులో ముందున్నప్పుడు అది ఎత్తే, వెనకబడ్డప్పుడు మాత్రం డబుల్స్‌తో దగ్గరికి రాలేరు. దీనికి మేం పెట్టుకున్న మందు ఏంటంటే ప్రాక్టీస్ బౌట్లలో డబుల్‌కి పాయింట్ ఇవ్వం. చిన్నపిల్లలకి పొట్టి బ్లేడు, అంటే సైజ్ 0, తెప్పించాం, మణికట్టు నొప్పి తగ్గింది.

ఏ కత్తి తీసుకున్నా మాస్కులు, ప్లాస్ట్రన్లు (జాకెట్ లోపల వేసుకునే రక్షణ తొడుగులు) కొత్తవే కొనండి, వాడినవి ఎవరైనా ఉచితంగా ఇచ్చినా వద్దని మర్యాదగా చెప్పండి. 1982లో రోమ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అవతలి ఆటగాడి ఫాయిల్ విరిగి మాస్కులోంచి దూసుకుపోయి సోవియట్ ఛాంపియన్ వ్లదిమీర్ స్మిర్నోవ్ చనిపోయాడు, ఇప్పటి మాస్కులు, బట్టలు, బ్లేడులు ఇంత గట్టిగా ఉన్నాయంటే ఆ తర్వాత వచ్చిన మార్పుల వల్లే. ఎన్నేళ్ళు వాడారో తెలియని జాలీ వెనక పక్కింటి పిల్ల మొహం పెట్టడానికి నాకు మనసొప్పదు.

మా హాలు కళ్యాణ మండపం, ముహూర్తాలున్న నెలల్లో మాకు సగం రోజులు దొరకదు, ఆషాఢంలో మాత్రం నెలంతా మాదే. వచ్చే ఆషాఢానికి కోచ్ పది రోజులు ఇక్కడే ఉంటానన్నారు. అప్పుడు పెద్ద పిల్లల ఐదుగురికి ఫాయిల్ మళ్ళీ మొదలెడుతున్నాం, మిగిలిన ఆ రెండు లామేలతోనే. ఎపే ఆడి ఆడి కళ్ళు నిలబడ్డ ఆ ఐదుగురికీ ముందు రిఫరీయింగ్ నేర్పమని అడిగాను, ఆయన సరేనన్నారు.