గ్రీన్ టీ సీరం: సరుకు మంచిదే, సీసాతోనే పేచీ

గ్రీన్ టీ సారంతో తయారైన ఈ సీరాన్ని చాలాకాలంగా వాడుతున్నాను. ధర, పరిమాణం, రాసుకునే పద్ధతి పెట్టె మీదే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నా ఫిర్యాదంతా సీసా గురించే.

పారదర్శకమైన గాజు సీసా, డ్రాపర్ మూత చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ ఇందులో అసలు పని చేసే ఈజీసీజీ అనే పాలీఫినాల్‌కు (తేయాకులో సహజంగా ఉండే ఒక రకం రసాయనానికి) గాలి, వెలుతురు, వేడి మూడూ గిట్టవు. విజయవాడ మే నెల ఎండల్లో, సగానికి పైగా మిగిలి ఉండగానే, లేత గడ్డి రంగులో ఉన్న ద్రవం డికాషన్ రంగుకు తిరిగింది. సీసా మెడ లోపల గోధుమరంగు వలయం కట్టింది. డ్రాపర్ కొనకు జిగురు పట్టింది. దిండు గలీబు మీద పడిన మరక ఎంత ఉతికినా వదలలేదు. ఫొటోలు పంపితే, సహజ పదార్థాల రంగు మారడం మామూలేనని కంపెనీవారు ఒక్క ముక్కలో జవాబిచ్చారు. మామూలే కావచ్చు, కానీ ఆక్సీకరణం చెందాక మిగిలేది ఈజీసీజీ కాదు. ద్రవంలో ఆమ్లత్వం తగినంత ఉంచి, వెలుతురు సోకని సీసాలో నింపి ఉంటే అది ఇంకొంత కాలం నిలిచేది.

“మానవ చర్మకణాలపై పరీక్షించినది” అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంది. అది అబద్ధమని అనను. ప్రయోగశాల పళ్లెంలో పెంచిన కెరటినోసైట్లకు, అంటే చర్మం పైపొర కణాలకు, ముందుగా ఈజీసీజీ ఇచ్చి అతినీలలోహిత కిరణాలు తగిలిస్తే నష్టం తగ్గుతుందని ఎన్నో పరిశోధనల్లో తేలింది. 2001లో ఎల్మెట్స్ అనే పరిశోధకుడి బృందం మనుషుల చర్మానికే గ్రీన్ టీ పాలీఫినాల్స్ పూసి చూసినప్పుడు కూడా ఎర్రదనం, ఎండకు దెబ్బతిన్న కణాలు తగ్గాయి. అయితే పళ్లెంలోని కణాలకు పైన మృతకణాల పొర కాపలా ఉండదు. ఈజీసీజీ అణుభారం సుమారు 458 డాల్టన్లు. చర్మంలోకి దిగాలంటే 500 లోపు ఉండాలనే లెక్కలో అది ఇమిడినా, నీటితో చెలిమి చేసే అణువు కావడం వల్ల కొవ్వు నిండిన ఆ పొరను దాటడం దానికి తేలిక కాదు. పైగా కణాలను పెంచే పోషక ద్రవంలోనే, 37 డిగ్రీల దగ్గర, అది కొద్ది గంటల్లో విచ్ఛిన్నమై హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. ఇంత నాజూకు సరుకును డ్రాపర్ తీసిన ప్రతిసారీ గాలికి అప్పగించే సీసాలో అమ్మడం నాకు మింగుడుపడదు.

బుగ్గల మీది ఎర్రదనం తగ్గిందని మొదట్లో తెలిసినవారందరికీ చెప్పాను. తగ్గిన మాట నిజమే. అదే రోజుల్లో సన్‌స్క్రీన్ క్రమం తప్పకుండా రాయడం మొదలైంది, మిట్టమధ్యాహ్నం బండి మీద తిరిగే పనీ తప్పింది. ఘనతలో సీరం వాటా ఎంతో విడదీయలేను.

నాది జిడ్డు చర్మం, పరిమళాలు పడవు. ఆ మేరకు ఇది హాయిగానే ఉంది. ఏసీ గదిలో ఉంచుకుని, తెరిచాక త్వరగా ముగించేవారికి సరిపోవచ్చు. నేను మాత్రం ఇదే సీరం గాలి చొరని పంపు సీసాలో వస్తేనే, అదీ వేసవి దాటాకే మళ్లీ కొంటాను.